ఉంగరం కథ – 9: బంగారం వద్దన్న వేలు

గత భాగం రోము నగరంలో ఆగింది. పెళ్లి కుదిరిన పిల్లకు రాయి కూడా పొదగని ఇనుప ఉంగరం పంపేవారని మొదటి శతాబ్దంలో ప్లినీ రాసిపెట్టిన సంగతి, ఎవరి వేలికి బంగారం ఉండాలో ఎవరి వేలికి ఉండకూడదో రాజ్యమే తేల్చి చెప్పిన సంగతి అక్కడ చూశాం. ఇనుము పేదదే కావచ్చు, కానీ అదీ లోహమే. ఈ భాగంలో అసలు లోహమే లేని ఉంగరం వస్తుంది. దాన్ని చెక్క ఉంగరం అనే అంటారు. నిజానికి అది చెక్క కాదు, తాటి కుటుంబానికి చెందిన ఒక ముళ్లచెట్టు కాయలోని టెంక. బ్రెజిల్ దేశంలో దాన్ని తుకుం ఉంగరం అంటారు.

లోహం లేని ఉంగరం తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. తద్దినం పెట్టే ఇంట్లో పురోహితుడు దర్భపోచను మెలిపెట్టి కర్త ఉంగరపు వేలికి తొడిగే పవిత్రం అలాంటిదే. అయితే దాని ఆయుష్షు ఒక పూట. క్రతువు ముగియగానే ముడి విప్పి పడేస్తారు. తుకుం ఉంగరం అలా కాదు. పెట్టుకున్నవాళ్లు దాన్ని తీయరు. కొందరు దానితోనే మట్టిలోకి వెళ్లారు.

ముందు చెట్టు సంగతి. అమెజాన్ అడవుల్లోనూ, దాన్ని ఆనుకుని ఉన్న గడ్డిమైదానాల్లోనూ పెరిగే ఆస్ట్రోకేరియం జాతి తాళవృక్షాలను జనం తుకుం అనీ, తుకుమా అనీ పిలుస్తారు. మొదలు నుంచి మొవ్వు దాకా కాండమంతా వరసలు వరసలుగా నల్లటి ముళ్లు. ఒక్కో ముల్లు జానెడు పొడవుంటుంది. ఎక్కి కోయడం కుదరదు కాబట్టి కాయలు రాలేదాకా ఆగాలి, లేదంటే కర్రకు కొక్కెం కట్టి గెల లాగాలి. పండు గుజ్జు నారింజరంగులో, జిడ్డుజిడ్డుగా ఉంటుంది. అమెజాన్ నడిబొడ్డున ఉన్న మనావుస్ నగరంలో పొద్దున్నే రొట్టె మధ్యలో ఈ గుజ్జు ముక్కలు, జున్ను, వేయించిన అరటిపండు పెట్టి తినకపోతే అక్కడివాళ్లకు తెల్లవారనట్టే. లేత ఆకుల నుంచి తీసే నార చాలా గట్టిది. ఊయలలు, చేపల వలలు, వింటినారులు దాంతోనే అల్లేవారు. టెంకలోకి దూరి పప్పు తిని బలిసే ఒక పురుగు ఉంది. దాన్ని కూడా వదలరు. వేయించుకుని తింటారు, దాని నూనెను మందుగా రాసుకుంటారు. ఇంత వాడుక ఉన్న చెట్టులో చివరికి మిగిలేది టెంక పెంకు. ఉంగరమయ్యేది అదే.

ఈ చెట్టు కొబ్బరిచెట్టుకు దగ్గరి చుట్టం. అందుకే టెంకకు కొబ్బరికాయకున్నట్టే ఒక కొనన మూడు కళ్లుంటాయి. వాటి చుట్టూ నల్లటి పీచు గీతలు నక్షత్రంలా విచ్చుకుని కనిపిస్తాయి. గుజ్జు తీసేసిన టెంకను ఎండబెడితే లోపలి పప్పు కుంచించుకుని గోడ నుంచి విడిపోతుంది. చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. అప్పుడది కోతకు వచ్చినట్టు. సన్నపళ్ల రంపంతో కళ్లున్న కొనను ఒక కోత, రెండో కొనను ఒక కోత కోసి పప్పు రాల్చేస్తే మధ్యలో మిగిలేది ఒక మందపాటి వలయం. లోపలి వైపు గుండ్రటి ఆకురాయితో వేలికి సరిపడా తొలుస్తారు. ఎక్కువ తొలిస్తే గోడ పలచబడి పగులుతుంది, తక్కువ తొలిస్తే కణుపు దగ్గర ఇరుక్కుంటుంది. ఆ తర్వాత ఉప్పుకాగితం, ముందు గరుకుది, తర్వాత నునుపుది. ఉప్పుకాగితం లేని కాలంలో ఇసుకరాతి మీద రుద్దేవారు. చివరికి గుడ్డతోనో తోలుతోనో రాస్తే టెంకలో దాగిన నలుపు పైకి తేలుతుంది. అసలు మెరుగు మాత్రం ఆ తర్వాత వస్తుంది. పెట్టుకున్న మనిషి చేతి జిడ్డు తాకి తాకి, నెలలు గడిచేకొద్దీ అది నల్లరాయిలా నిగనిగలాడుతుంది. ఒక్కటే లోపం. గచ్చు మీద పడితే విరుగుతుంది. అతకడం కుదరదు.

ఈ పనితనం ఎవరిదంటే ముందుగా చెప్పాల్సింది ఆదివాసుల పేరే. బ్రెజిల్, పెరూ, కొలంబియా దేశాలు కలిసే చోట ఉండే తికూనా జనం తుకుమా టెంకల్లో చేపలు, తాబేళ్లు, పక్షులు చెక్కి హారాలు గుచ్చుతారు. ఉంగరాలూ చెక్కుతారు. కాబట్టి ఈ టెంకను వేలికి తొడగాలన్న ఆలోచన ఏ దేవాలయం నుంచో, ఏ ఉద్యమం నుంచో పుట్టలేదు. అడవిలో పుట్టింది.

అయితే బ్రెజిల్‌లో తుకుం ఉంగరం గురించి ఎవరిని అడిగినా చెప్పే కథ వేరు. రాజుల కాలంలో దొరలు, దొరసానులు పెళ్లికి బంగారు ఉంగరాలు మార్చుకునేవారట. బంగారం కొనే స్తోమత లేని బానిసలు, ఆదివాసులు తుకుం టెంకను అరగదీసి తమ పెళ్లికి, తమ స్నేహానికి గుర్తుగా పెట్టుకునేవారట. యజమానికి అది పనికిరాని నల్లముక్క. వాళ్లలో వాళ్లకు మాత్రం అది రహస్య సంకేతం. నోటి నుంచి నోటికి పాకుతూ వచ్చిన కథ ఇది. ఇప్పుడు ఉంగరం అమ్మే ప్రతి దుకాణంలోనూ చిన్న చీటీ మీద అచ్చేసి మరీ ఇస్తారు.

కథ బాగుంది. మరీ నున్నగా ఉందేమో అన్న అనుమానమూ కలుగుతుంది. ఆ కాలపు కాగితాలు చెప్పే సంగతులు ఇంతకంటే చిక్కుగా ఉన్నాయి. చిక్కుగా ఉన్నాయి కాబట్టే ఆసక్తిగానూ ఉన్నాయి.

ఆఫ్రికా నుంచి బ్రెజిల్ తీరానికి చేరిన బానిసలు దాదాపు 48 లక్షల మంది. అమెరికా ఖండాల్లో మరే దేశమూ అంతమందిని దించుకోలేదు. వాళ్లకు పెళ్లి చేసుకునే హక్కు లేదనుకుంటే పొరపాటు. 1707లో బహియా కతోలిక అగ్రపీఠం చేసిన చట్టాలు బానిసలు పెళ్లాడవచ్చనీ, యజమాని అడ్డుపడకూడదనీ చెప్పాయి. పెళ్లయినవాళ్లలో ఒకరిని దూరదేశానికి అమ్మేయకూడదనీ చెప్పాయి. చెప్పడం ఒకటి, జరగడం ఒకటి. గురువు దీవించిన జంటలో భర్తను ఒక తోటకు, భార్యను ఒక తోటకు అమ్మిన ఉదంతాలకు లెక్కలేదు. వేలం పాటలో దంపతులను విడదీయరాదని దేశం చట్టం చేసింది 1869 సెప్టెంబరులో. అంటే దీవెనకూ చట్టానికీ మధ్య 162 ఏళ్లు. ఆ తర్వాత బానిసత్వమే రద్దయింది 1888 మే 13న, యువరాణి ఇసబెల్ సంతకంతో. ఖండం మొత్తంలో ఆఖరుగా ఆ పని చేసిన దేశం బ్రెజిలే.

ఇక బంగారం సంగతి. 1690లలో మినాస్ జెరాయిస్ కొండల్లో బంగారం బయటపడింది. ఆ తర్వాతి శతాబ్దంలో ప్రపంచంలో మరెక్కడా అంత బంగారం తవ్వలేదు. ఐదో వంతు పోర్చుగల్ రాజుకు వెళ్లాలి. తవ్వింది, కడిగింది, మోసింది బానిసలు. అలాంటిచోట బంగారం నల్లవాళ్ల ఒంటి మీదికి అసలు రాలేదంటే నమ్మడం కష్టం. వచ్చింది. బహియాలోని సాల్వదోర్ నగరంలో నల్లజాతి స్త్రీలు, వాళ్లలో బానిసలు కూడా, బోలు బంగారు గుళ్ల హారాలు, మోచేతి దాకా కడియాలు, నడుముకు గుత్తులుగా వేలాడే వెండి తాయెత్తులు ధరించేవారు. ఆ నగలు ఇప్పటికీ ఆ ఊళ్లోనే కార్లోస్ కోస్తా పింతో మ్యూజియంలో ఉన్నాయి. 1885 ప్రాంతంలో మార్క్ ఫెరెజ్ తీసిన ఫొటోలో ఒక బహియా స్త్రీ ఆ నగలన్నీ పెట్టుకుని రాణీగారిలా కూర్చుని ఉంటుంది. వీధుల్లో తినుబండారాలు అమ్మి, కూలికి పోయి, యజమానికి ఇవ్వాల్సింది ఇచ్చి, మిగిలింది కూడబెట్టుకున్న బానిసలు పట్టణాల్లో చాలామందే ఉండేవారు. అలా కూడబెట్టిందే మెడలో హారమయ్యేది. ఆ హారమే ఒకరోజు స్వేచ్ఛాపత్రం కొనుక్కునే పెట్టుబడీ అయ్యేది.

పాలకులకు ఇది మింగుడుపడలేదు. 1749లో పోర్చుగల్ రాజు ఐదో జువావ్ ఒక శాసనం చేశాడు. సముద్రాల అవతలి రాజ్యభాగాల్లో నల్లవాళ్లు, మిశ్రజాతివాళ్లు, బానిసలైనా సరే స్వతంత్రులైనా సరే, పట్టుబట్టలు కట్టకూడదు, బంగారం వెండి పెట్టకూడదు. తెల్లవాళ్లతో సమానంగా కనిపించడమే వాళ్ల నేరం. ఆ నిబంధనను అదే ఏడాది నిలిపేయాల్సి వచ్చింది. రోము కథే ఇక్కడా మళ్లీ జరిగింది. వేలికేముందో చూసి మనిషి అంతస్తు తెలియాలన్న యావ పదిహేడు వందల ఏళ్లైనా పోలేదు.

కాబట్టి తుకుం కథను ఇలా సవరించుకోవచ్చు. పట్టణపు నల్లజాతి స్త్రీకి బంగారం అందరానిది కాదు, పోరాడి సంపాదించుకున్నది. చెరకు తోటల్లో, లోపలి పల్లెల్లో బతికిన నిరుపేదకూ, ఆదివాసికీ చేతికి అందింది టెంక. ఈ రెండు సంగతులూ కలిపి కాచి వడబోస్తే వచ్చింది ఇప్పుడు చెప్పుకునే కథ. వడబోసింది ఎవరన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఇరవయ్యో శతాబ్దంలో, అదీ చాలా ఆలస్యంగా, క్రైస్తవ గురువుల చేతుల్లో దొరుకుతుంది.

కతోలిక పీఠాధిపతి వేలికి ఉంగరం ఉండటం పాత ఆచారం. క్రీ.శ. 633లో స్పెయిన్‌లోని తొలేదో నగరంలో జరిగిన సభ, అన్యాయంగా పదవి కోల్పోయిన పీఠాధిపతికి తిరిగి ఇవ్వాల్సిన వస్తువుల్లో ఉంగరాన్ని కూడా పేర్కొంది. శ్రీసభతో ఆయనకున్న పెళ్లిబంధానికి అది గుర్తు. విశ్వాసులు మోకరిల్లి ముద్దుపెట్టుకునేది దాన్నే. కాలం గడిచేకొద్దీ ఆ ఉంగరంలోకి బంగారం, ఊదారంగు రత్నాలు వచ్చి చేరాయి. బ్రెజిల్‌లో అయితే గుడి గోడలే బంగారమయ్యాయి. సాల్వదోర్‌లోని సంత ఫ్రాన్సిస్ దేవాలయంలోకి అడుగుపెడితే నేల తప్ప తక్కినదంతా బంగారు రేకుతో కళ్లు చెదరగొడుతుంది. పేదరికాన్ని వ్రతంగా పట్టిన సాధువు పేరుతో ఉన్న గుడి అది.

1962 నుంచి 1965 దాకా వాటికన్‌లో జరిగిన మహాసభ చివరి రోజుల్లో ఈ బంగారం కొందరిని ఇబ్బంది పెట్టింది. 1965 నవంబరు 16న సుమారు 40 మంది పీఠాధిపతులు రోము శివార్లలోని దొమితిల్లా భూగర్భ సమాధుల్లో చేరి పూజ చేసి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. అందులో 13 అంశాలు. మామూలు జనం ఉండే ఇళ్లలాంటి ఇళ్లలోనే ఉంటామనీ, వాళ్లు తినేదే తింటామనీ, హోదా తెలిపే చిహ్నాల్లో బంగారం వెండి వాడమనీ వాళ్లు మాట ఇచ్చుకున్నారు. ఇది జరిగిన మూడు వారాలకే, సభ ముగింపు వేళ, ఆరో పౌలు పోపుగారు సభకు వచ్చిన పీఠాధిపతులందరికీ జ్ఞాపకంగా పంచిన కానుక ఏమిటో తెలుసా? బంగారు ఉంగరం. ఇందులో పోపుగారిని ఎత్తిపొడవడానికి ఏమీ లేదు. రాళ్లు లేని చాలా సాదా ఉంగరం అది, అప్పటిదాకా ఉన్న ఆడంబరంతో పోలిస్తే అదీ తగ్గింపే. కానీ ఉంగరం ఎంత సాదాగా ఉంటే చాలన్న ప్రశ్న అక్కడితో తెగలేదని మాత్రం తెలుస్తుంది.

ఆ ఒప్పందం వెనక నిలిచిన ఆలోచనాపరుల్లో బ్రెజిల్‌కు చెందిన ఎల్దర్ కామరా ఒకరు. రెసిఫె అగ్రపీఠాధిపతిగా ఆయన మెడలో వేసుకున్నది కర్రతో చేసిన సిలువ. 1964లో సైన్యం అధికారం లాక్కున్నాక ఆయన పేరు పత్రికల్లో రానివ్వలేదు. 1968లో లాటిన్ అమెరికా పీఠాధిపతులు కొలంబియాలోని మెదెయిన్‌లో సమావేశమై, పేదల పక్షాన నిలబడటం దయ కాదు, విధి అన్న ధోరణిలో మాట్లాడారు. విమోచన దైవశాస్త్రం అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది. ఇదంతా పెద్ద కథ, దీని మీద బీరువాల కొద్దీ పుస్తకాలున్నాయి. మనకు కావలసింది అదే ఏడాది సావ్ పాలో నుంచి లారీలో బయల్దేరిన ఒక బక్కపలచటి స్పానిష్ గురువు.

పేరు పెద్రో కాసల్దాలిగ. 1928 ఫిబ్రవరి 16న కాతలోనియాలోని బల్సరెన్‌లో, పాల వ్యాపారం చేసుకునే ఇంట పుట్టాడు. నలభయ్యో ఏట వారం రోజులు మట్టిరోడ్ల మీద ప్రయాణించి మాతో గ్రోస్సో రాష్ట్రంలో అరగ్వాయ నది ఒడ్డునున్న సావ్ ఫెలిక్స్ చేరాడు. ఆయన చూసుకోవాల్సిన ప్రాంతం సుమారు 1,50,000 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త తక్కువ. కరెంటు లేదు, తపాలా లేదు, డాక్టరు లేడు. చేరిన మొదటి వారంలోనే నలుగురు పసిపిల్లలు చనిపోయారు. చెప్పులు పెట్టే అట్టపెట్టెల్లాంటి వాటిలో వాళ్లను పెట్టి, ఆయన ఇంటి ముందునుంచే నది ఒడ్డు శ్మశానానికి తీసుకెళ్లారు.

అక్కడ భూమి అంతా పెద్దపెద్ద కంపెనీల పేరు మీదికి మారుతున్న కాలం అది. అమెజాన్‌ను అభివృద్ధి చేస్తామంటే సైనిక ప్రభుత్వం పన్ను రాయితీలిచ్చేది. సుయా-మిస్సు అనే ఒక్క ఎస్టేటు విస్తీర్ణమే లక్షల హెక్టార్లు. ఆ నేల షవాంతె ఆదివాసులది. 1966లో వాళ్లను వైమానికదళ విమానాల్లో ఎక్కించి వందల కిలోమీటర్ల దూరంలో ఒక మిషన్ దగ్గర దించేశారు. దిగిన కొద్ది రోజుల్లోనే తట్టు సోకి ఎంతోమంది చనిపోయారు. ఎస్టేట్లలో అడవి నరకడానికి ఈశాన్య రాష్ట్రాల నుంచి తెచ్చిన కూలీలు అప్పుల లెక్కల్లో చిక్కి కదల్లేకపోయేవారు, పారిపోతే తుపాకీ. కాసల్దాలిగ ఇవన్నీ పేర్లతో, తేదీలతో రాసుకున్నాడు.

1971 అక్టోబరు 23న ఆయనను పీఠాధిపతిగా అభిషేకించారు. దేవాలయంలో కాదు, అరగ్వాయ ఒడ్డున ఆరుబయట. పీఠాధిపతి తలకు ఉండాల్సిన ఎత్తు కిరీటం బదులు పల్లె రైతు పెట్టుకునే గడ్డి టోపీ, చేతిలో వెండి దండం బదులు తపిరపే ఆదివాసులు చెక్కిన తెడ్డు. వేలికి బంగారం లేదు, తర్వాత జీవితమంతా ఆయన వేలికున్నది తుకుం ఉంగరం. అభిషేకం నాడే ఆయన నూరు పుటలకు మించిన లేఖ ఒకటి బయటపెట్టాడు. అమెజాన్‌లోని ఒక మేత్రాసనం భూకామందులతోనూ, జనాన్ని అంచుకు నెట్టే వ్యవస్థతోనూ తలపడుతున్న తీరు అందులో ఉంది. అంతకుముందు రాసుకున్న పేర్లు, తేదీలు అన్నీ అందులోకి ఎక్కాయి. ఉంగరం గురించి ఎవరూ పట్టించుకోకపోయినా లేఖను మాత్రం సైన్యం పట్టించుకుంది. ఆ తర్వాత ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టాలని ప్రభుత్వం పలుమార్లు ప్రయత్నించింది. పెద్రో మీద చెయ్యి పడితే తన మీద పడినట్టేనని ఆరో పౌలు పోపుగారు కబురంపారని బ్రెజిల్ గురువులు చెప్పుకుంటారు. దేశం దాటితే తిరిగి రానివ్వరన్న భయంతో ఆయన పుట్టిన ఊరికి మళ్లీ వెళ్లనేలేదు. తల్లి చనిపోయినప్పుడు కూడా వెళ్లలేదు.

ఇలాంటి చోట వేలికున్న వస్తువుకు అర్థం దానంతటదే వస్తుంది. 1976 అక్టోబరు 11 సాయంత్రం కాసల్దాలిగ, జువావ్ బోస్కో బుర్నియె అనే జెస్విట్ గురువు రిబైరావ్ బొనీతొ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. పోలీసు ఠాణాలో ఇద్దరు ఆడవాళ్లను హింసిస్తున్నారు, వాళ్ల అరుపులు వీధిలోకి వినిపిస్తున్నాయి. వాళ్ల కోసం మాట్లాడటానికి గురువులిద్దరూ ఠాణాకు వెళ్లారు. పోలీసులు తిట్టారు, బెదిరించారు. పైఅధికారులకు చెబుతామన్న బుర్నియెను ఒకడు ముందు చెంపమీద కొట్టి, తర్వాత తుపాకీ మడమతో కొట్టి, ఆపైన తలలోకి కాల్చాడు. మరునాడు గొయానియాలో ఆయన ప్రాణం పోయింది. ఏడో రోజు పూజ తర్వాత ఊరి జనం ఠాణా మీద పడి కటకటాల గదిని చేతికందినవాటితో పడగొట్టారు. ఆ ఊళ్లో ఇప్పుడు అమరుల పేర ఒక గుడి ఉంది. ఏళ్ల తరబడి అక్కడికి యాత్రలు సాగుతున్నాయి.

1970లు, 80లలో బ్రెజిల్ పల్లెల్లో, మురికివాడల్లో చిన్నచిన్న ప్రార్థనా సంఘాలు వేల సంఖ్యలో లేచాయి. ఒక ఇంట్లోనో చెట్టుకిందో చేరి బైబిలు చదివి, వెంటనే నీళ్ల కుళాయి గురించో, భూమి పట్టా గురించో మాట్లాడుకునేవాళ్లు. సన్యాసినులు, యువజన సంఘాలవాళ్లు, భూమి కోసం పోరాడేవాళ్లు, ఆదివాసుల తరఫున పనిచేసేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఈ నల్ల ఉంగరం తొడుక్కున్నారు. ఎడమ చెయ్యా, కుడి చెయ్యా, ఏ వేలన్న నియమం లేదు. ఎవరూ మంత్రం చదివి ఇవ్వరు. చాలామందికి అది మరొకరి వేలి నుంచి వచ్చిందే. తనది తీసి ఎదుటివాళ్లకు తొడిగి, తను మళ్లీ ఇంకొకటి సంపాదించుకోవడం అలవాటుగా మారింది. బానిసల కథ గట్టిగా ప్రచారంలోకి వచ్చిందీ ఈ సంఘాల్లోనే. పెళ్లిని సూచించిన పాత టెంక పేదలతో పొత్తును సూచించే టెంకగా మారాలంటే, మధ్యలో బానిసలనూ దొరలనూ ఎదురెదురుగా నిలబెట్టే కథ కావాలి. అది దొరికింది. ఆ కథలో చారిత్రక సత్యం కొంత వంకర తిరిగింది నిజమే. బహియా స్త్రీ మెడలోని బంగారం ఆ కథలోంచి పూర్తిగా జారిపోయింది. ఆమె పోరాటమూ తక్కువది కాదు కాబట్టి, ఇది చిన్న నష్టమని సరిపెట్టుకోవడం కష్టమే.

1994లో కొన్రాదో బెర్నింగ్ అనే దర్శకుడు తుకుం ఉంగరం పేరుతోనే సినిమా తీశాడు. ఈ సంఘాల్లో ఏం జరుగుతోందో కనిపెట్టి రమ్మని డబ్బున్నవాళ్లు ఒకణ్ని గూఢచారిగా పంపుతారు. అతను తిరుగుతూ తిరుగుతూ నిజమైన గురువులను, నిజమైన రైతులను కలుస్తాడు. అందులో కాసల్దాలిగ తన పాత్రలో తానే కనిపించి ఉంగరం అర్థం చెబుతాడు. ఆదివాసుల పక్షాన, పేదల పక్షాన నిలబడతానన్న ఒప్పందానికి ఇది గుర్తు, పెట్టుకున్నవాళ్లు ఆ పక్షానికొచ్చే కష్టాలకూ సిద్ధపడాలి, దీని కోసం చావుదాకా వెళ్లినవాళ్లున్నారు అన్నది ఆయన మాటల సారం. గురువుల బళ్లలో, యువజన శిబిరాల్లో ఆ సినిమా వీడియో క్యాసెట్లు అరిగిపోయేదాకా ఆడాయి. ఉంగరానికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది ఏ ప్రబంధమో కాదు, ఆ క్యాసెట్లే.

కాసల్దాలిగ 2005లో పదవీ విరమణ చేశాడు. ఊరు మాత్రం వదల్లేదు. షవాంతెల భూమిని తిరిగి వాళ్లకివ్వాలని కోర్టులు తేల్చి, ఆక్రమణదారులను ఖాళీ చేయించే రోజులు వచ్చేసరికి 2012 అయింది. అప్పుడు ఆయనకు 84 ఏళ్లు, పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నాయి. అయినా చంపుతామన్న బెదిరింపులు రావడంతో కొన్నాళ్లు ఇల్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. 2020 ఆగస్టు 8న, 92వ ఏట, సావ్ పాలో రాష్ట్రంలోని బతతైస్‌లో కన్నుమూశాడు. కోరుకున్న ప్రకారం ఆయనను అరగ్వాయ ఒడ్డున కరజా ఆదివాసుల పాత శ్మశానంలో, పేరు లేని కూలీల సమాధుల పక్కన పాతిపెట్టారు.

అంతకు ఏడాది ముందు, 2019 అక్టోబరులో, ఫ్రాన్సిస్ పోపుగారు అమెజాన్ ప్రాంతం కోసం ప్రత్యేకంగా రోములో సభ పిలిచారు. ఆ సభకు వచ్చినవాళ్లలో తుకుం ఉంగరాలవాళ్లు తక్కువేం కాదు. అక్టోబరు 20న కార్డినల్ క్లావుద్యో హుమ్మెస్ వెంట వాళ్లలో చాలామంది అదే దొమితిల్లా సమాధుల్లోకి దిగి, 1965 నాటి ఒప్పందాన్ని అమెజాన్ అడవి పేర మళ్లీ రాసుకున్నారు.

సావ్ ఫెలిక్స్ పీఠంలో కాసల్దాలిగ తర్వాత కూర్చున్న లియొనార్దో స్తైనర్ ఆపైన మనావుస్ అగ్రపీఠాధిపతి అయ్యాడు. 2022 ఆగస్టు 27న పోపుగారు ఆయనను కార్డినల్‌ను చేశారు. అమెజాన్ ప్రాంతానికి దక్కిన మొదటి కార్డినల్ పదవి అది. అదే రోజు, అదే వేదిక మీద, పోపుగారి చేతి నుంచి కార్డినల్ ఉంగరం అందుకున్న మరో వ్యక్తి హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని. కర్నూలు జిల్లాలో పుట్టిన ఆయన తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ కూడా. ఎవరి వేలికి ఏ ఉంగరం ఎక్కవచ్చన్న పాత తగవుతో పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు ఆ రోజు ప్రాముఖ్యం వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకీ టెంక ఉంగరం ఇప్పుడెలా ఉంది? బ్రెజిల్‌లో సంప్రదాయవాద కతోలికుల్లో చాలామందికి అది కంటగింపు. కమ్యూనిస్టుల బిళ్ల అని ఎగతాళి చేస్తారు. పెట్టుకున్న గురువు బోధ చేయబోతుంటే వేలు చూసి ముందే ముఖం తిప్పుకునేవాళ్లూ ఉన్నారు. అటువైపు అంగడి కూడా ఊరుకోలేదు. పుణ్యక్షేత్రాల ముందు, బీచి పక్కన, సంతల్లో తుకుం ఉంగరాలు డజన్ల లెక్కన తాళ్లకు గుచ్చి అమ్ముతున్నారు. కొనే కుర్రాళ్లలో సగం మందికి అది నల్లగా, అందంగా ఉండే వస్తువు, అంతే. పెళ్లి ఉంగరంగా కొనుక్కునే జంటలూ ఉన్నాయి. పాత కథ ప్రకారం చూస్తే వాళ్లే అసలు వారసులు కావచ్చు. విరిగిపోతుందన్న భయం తీర్చడానికి కంసాలులు కొత్త ఉపాయం కనిపెట్టారు. టెంక లోపలి వైపు వెండి పూత, అంచున సన్నటి బంగారు తీగ. దొమితిల్లాలో సంతకం పెట్టిన ఆ నలభై మందిలో ఒకరైనా బతికి ఉంటే ఆ తీగను చూసి ఏమనేవారో గానీ, గిరాకీ మాత్రం బాగానే ఉందట.

వచ్చే భాగంలో ఐర్లండ్. ఊబినేలల అడుగున వేల ఏళ్లు నాని నల్లబారిన ఓక్ కర్రను తవ్వితీసి, 1861లో ఆల్బర్ట్ యువరాజు మరణించాక ఇంగ్లండు అంతటా శోకభూషణంగా అమ్ముకున్న పనివాళ్ల కథ.

(ఇంకా ఉంది)